పట్టాల కారుకు ప్లాస్టిక్ అద్దాలు

రైల్వేలో కొత్తగా చేరే పిల్లలకు పట్టాల కారు అంటే ఇప్పుడు విడమరిచి చెప్పాలి. చూడటానికి చిన్న వ్యానులా ఉండేది. రబ్బరు టైర్ల బదులు రైలు చక్రాలు, లోపల పెట్రోలు ఇంజను, ముందు వరుసలో ఇద్దరు, వెనక బల్ల మీద నలుగురు కూర్చునే చోటు. దానికి స్టీరింగ్ ఉండదు. పట్టాలు ఎటు పోతే బండి అటే పోతుంది. డ్రైవరు చేయాల్సిందల్లా వేగం పెంచడం, తగ్గించడం, ఆపడం, ముందుకు చూడటం. ఈ చివరి పని గురించే నేను చెప్పబోయేది.

ఆఫీసు కాగితాల్లో దాని పేరు ట్రాక్ కారు. పట్టాలు బాగుచేసే గ్యాంగు మనుషులు మాత్రం పట్టాల మోటరు అనేవాళ్ళు. పట్టాలు, వాటి కింది స్లీపర్లు, వంతెనలు ఎలా ఉన్నాయో చూసుకుంటూ మా ఇన్‌స్పెక్టరుగారు దాంట్లో లైను మీద తిరిగేవారు. అది నిలిచే షెడ్డు జహీరాబాద్ స్టేషన్ చివర ఉండేది. నేను ఆ షెడ్డులో వడ్రంగిని. మాది మొగుడంపల్లి. మా నాయన బండ్లు, నాగళ్ళు చేసేవాడు. నేను రైల్వేలో చేరేనాటికి జహీరాబాద్ బీదరు జిల్లా నుంచి విడిపోయి మెదక్ జిల్లాలో కలిసి ఎంతో కాలం కాలేదు. మా ప్లాట్‌ఫారం మీద నాలుగు భాషలు వినిపించేవి. గూడ్సు షెడ్డు దగ్గర అల్లం బస్తాల ఘాటు, బెల్లం వాసన కలిసి ఎప్పుడూ ఉండేవి. పేరుకు వడ్రంగినే అయినా బండికి సంబంధించి ఏ పని పడినా నాదే. తలుపు బిగించడం, సీటు కుట్టించడం, కిటికీ అద్దం మార్చడం. బండి బయటికి పోతే నేనూ వెనక బల్ల మీద పోవాలి. దారిలో ఏదైనా ఊడితే బిగించే మనిషి కావాలి కదా.

డ్రైవరు నాకంటే పదేళ్ళు పెద్ద. నేను అన్నా అనేవాణ్ణి. ఝరాసంగం దగ్గర ఊరు. క్రైస్తవ కుటుంబం. మాట తక్కువ, నడక నెమ్మది, పని మాత్రం గడియారం. బండి ఎక్కే ముందు చక్రాలన్నీ ఒకసారి చేత్తో తట్టి చూసేవాడు. అలా ఎందుకని అడిగితే, "ఎడ్లను సూస్తం గద, గట్లనే" అనేవాడు. అతని భార్యను నేను వదినా అనేవాణ్ణి, ఆమె నన్ను తమ్మీ అనేది. రైల్వే క్వార్టర్లలో వాళ్ళ ఇల్లు షెడ్డుకు దగ్గర. మధ్యాహ్నం గిన్నె పట్టుకొని ఆమే వచ్చేది. నాకూ ఒక రొట్టె ఎక్కువే తెచ్చేది.

ఇన్‌స్పెక్టరుగారిది గుంటూరు వైపు. తెల్ల చొక్కా, ఖాకీ నిక్కరు, తల మీద టోపీ. కఠినమైన మనిషి అని అందరూ అనేవారు. పట్టా మీద మనుషుల ప్రాణాలుంటాయి కాబట్టి ఆ కఠినత్వం అవసరమేనని నేను తర్వాత తర్వాత ఒప్పుకున్నాను.

ఒక చలికాలం ఉదయం కోహిర్ వైపు పోతున్నాం. పట్టాల మధ్య ఏదో చచ్చి పడి ఉంది. దాని మీద గద్ద వాలి ఉంది. డ్రైవరు హారన్ కొట్టాడు. మామూలుగా గద్దలు బండి దగ్గరికి రాకముందే లేచిపోతాయి. అది మాంసం వదలలేక ఆలస్యంగా లేచింది. లేచి పక్కకు పోకుండా నేరుగా మా మీదికే వచ్చింది. ఎదుటి అద్దం ఒక్కసారిగా పగిలి ముక్కలు లోపలికి కురిశాయి. అప్పట్లో ఆ బండికి ఉన్నది ఇంటి కిటికీకి వేసేలాంటి గాజే, కాస్త మందం ఎక్కువ అంతే.

డ్రైవరు బండి ఆపాడు. ముఖమంతా రక్తం కారుతున్నా బ్రేకు వేసి, ఇంజను ఆపి, అప్పుడు చేతుల్లో ముఖం పెట్టుకున్నాడు. ఇన్‌స్పెక్టరుగారు తన మెడలోని తువ్వాలు తీసి అతని కన్నుకు కట్టి, తానే బండి నడిపి జహీరాబాద్ తెచ్చారు. దారి పొడుగునా నేను డ్రైవరు తల నా ఒడిలో పెట్టుకున్నాను. "తమ్మి, నా కన్ను ఉన్నదా" అని అడుగుతూనే ఉన్నాడు. ఉందన్నా, ఉంది అన్నాను. నిజానికి నాకు తెలియదు.

ఆ రోజే అతన్ని రైల్లో సికింద్రాబాదు దవాఖానకు పంపారు. కన్ను దక్కింది. రెప్ప మీద, కనుబొమ పక్కన గీతలు మిగిలాయి. డాక్టర్లు అక్షరాలు చదివించి, రంగులు చూపించి, చూపు బాగానే ఉందని రాసిచ్చారు. అతను తిరిగి వచ్చిన రోజు వదిన షెడ్డులో అందరికీ పాయసం పంచింది. నేను బండికి కొత్త గాజు బిగించి, చక్కగా తుడిచి పెట్టాను. ఇంక అంతా మునుపటిలాగే అనుకున్నాం.

బండి ఔటర్ సిగ్నల్ దాటగానే పట్టాల పక్క పొదలోంచి గోరింకల గుంపు లేచింది. డ్రైవరు ఎడమ చెయ్యి పైకి లేచి ముఖానికి అడ్డం వచ్చింది. తల పక్కకు తిరిగింది. క్షణం తర్వాత చెయ్యి కిందికి దిగింది. ఇన్‌స్పెక్టరుగారు చూశారు. కాస్త దూరం పోయాక ఒక పావురం ఎగిరింది. మళ్ళీ చెయ్యి లేచింది. తర్వాత గాలికి కొట్టుకొచ్చిన ఎండు మోదుగాకుకు కూడా లేచింది.

"కొన్నాళ్ళు పోతే అదే సర్దుకుంటుందిలే" అన్నారు ఇన్‌స్పెక్టరుగారు ఆ సాయంత్రం నాతో.

సర్దుకోలేదు. పంటల కాలం కదా, లైనుకు రెండు వైపులా జొన్న చేలు, పిట్టలకు లెక్కలేదు. ఒకరోజు బీదరు వైపు పోతుంటే గ్యాంగు వాళ్ళు ఒకచోట పట్టా విప్పి పని చేస్తున్నారు. ఎర్ర జెండా పట్టుకున్న మనిషి వాళ్ళకు చాలా ముందే, మాకు ఎదురుగా నిలబడ్డాడు. సరిగ్గా అప్పుడే ఏదో పిట్ట లేచింది. డ్రైవరు చెయ్యి దించి చూసేసరికి జెండా మనిషి పక్కకు దూకుతున్నాడు. బండి ఆగింది. ఆగిన చోటి నుంచి విప్పిన పట్టా కనిపిస్తోంది. ఇన్‌స్పెక్టరుగారు కిందికి దిగి, ఆ మధ్య దూరం నడిచి చూసి, మళ్ళీ వచ్చి బండి ఎక్కారు.

షెడ్డులో దిగాక ఆయన డ్రైవరుతో అన్నారు. "నీకు చూపు ఉందయ్యా. కానీ చూడాల్సినప్పుడు చూడటం లేదు. నీ మీద నాకు కోపం లేదు. కానీ ఈ బండి నీ చేతిలో పెట్టి రేపు ఎవరి ప్రాణమో పోతే నేను నిద్రపోలేను. గేటు డ్యూటీకి మారిపో. మంచి గేటు చూసి వేయిస్తాను."

డ్రైవరు తల వంచుకొని నిలబడ్డాడు. "సార్, నాకు భయమైతలేదు. చెయ్యే నా మాట ఇంటలేదు" అన్నాడు.

ఇన్‌స్పెక్టరుగారు అతని చెయ్యి వైపు చూశారు. "పెద్ద ఆఫీసరు తనిఖీ హోళీ తర్వాత ఉంటుంది. అప్పటిదాకా చూద్దాం. ఆయన ముందు ఇలా జరిగితే నేను చేయగలిగేది ఏమీ ఉండదు."

గేటు డ్యూటీ తక్కువ పని అని నేను అనను. కానీ ఆ మనిషికి ఆ బండే లోకం. గేటు గుడిసెలో కూర్చుని, తన బండిని వేరేవాడు నడుపుకుంటూ పోతుంటే పచ్చ జెండా ఊపాలి. ఆ మాట అతను అనలేదు. వదిన అంది. మరునాడు గిన్నె తెచ్చినప్పుడు నన్ను పక్కకు పిలిచింది.

"తమ్మి, ఇంట్ల గూడ గట్లనే జేస్తున్నడు. పిల్లగాడు గ్లాసు కింద వడేస్తె మొఖం కప్పుకుంటడు. నిద్రల గూడ చెయ్యి లేస్తది. గా అద్దమే గద ఆయనకు పగ. గా అద్దం తీసెయ్యరాదా? లేకుంటె ఏమైతది, జర గాలి తగుల్తది, గంతే గద."

నాకది సబబుగానే తోచింది. ఇన్‌స్పెక్టరుగారికి చెబితే ఆయన నవ్వకుండా, "సరే, ఒకరోజు చూద్దాం" అన్నారు. ఎదుటి గాజు తీసేసి బయలుదేరాం. బండి వేగం అందుకోగానే దుమ్ము, పురుగులు, జొన్న పొట్టు అన్నీ లోపలికే. డ్రైవరు కళ్ళు చికిలించి నడిపాడు. ఇన్‌స్పెక్టరుగారి టోపీ ఎగిరి ఎవరి చేనులోనో పడింది. దాన్ని తెచ్చుకోవడానికి బండి ఆపి నేను దిగి పరుగెత్తాను. చేను గలాయన టోపీ పట్టుకొని, "గిది ఎవరిది, మీ దొరదా" అని అడిగి ఇచ్చాడు. తిరిగి వచ్చేసరికి ముగ్గురి కళ్ళూ మంకెన పూలే. అద్దం లేకపోతే కుదరదని తేలిపోయింది.

ఆ సాయంత్రం కళ్ళు కడుక్కుంటూ ఇన్‌స్పెక్టరుగారే అన్నారు. "విమానాలకు గాజు ఉండదు, తెలుసా? ప్లాస్టిక్ పలక వేస్తారు. గాజులాగే అవతలివన్నీ కనిపిస్తాయి. పగిలినా గాజులా ముక్కలై చిమ్మదు. సికింద్రాబాదులో నాకు తెలిసినవాడు స్టోర్సులో ఉన్నాడు. అడిగి చూస్తాను."

మాకు అప్పట్లో ప్లాస్టిక్ అంటే దువ్వెన, సబ్బు పెట్టె. డ్రైవరు అదే అన్నాడు నాతో. "దువ్వెన కింద వడితె రెండు ముక్కలైతది. గసుంటి దాన్ని నా మొఖం ముంగట వెడ్తరా?"

పలకలు చలి తగ్గే వేళకు వచ్చాయి. రెండు వైపులా గోధుమరంగు కాగితం అంటించి ఉంది. కాగితం ఒక మూల ఒలిచి చూస్తే లోపల నీళ్ళలాంటి పలక. వచ్చినవి ఎదుటి అద్దానికీ, రెండు పక్క కిటికీలకూ సరిపోయాయి. వెనక చిన్న కిటికీకి సరిపోలేదు. దానికి పాత గాజే ఉంచేశాం.

అంచున మిగిలిన ముక్కను ఇన్‌స్పెక్టరుగారు రెండు స్లీపర్ల మధ్య వంతెనలా పెట్టించి, డ్రైవరుకు కంకర రాయి ఇచ్చి, "నువ్వే కొట్టు" అన్నారు. డ్రైవరు మెల్లగా కొట్టాడు. "అలా కాదయ్యా, గద్దనుకొని కొట్టు" అన్నారు. ఈసారి అతను పళ్ళు బిగించి విసిరికొట్టాడు. పలక కిందికి వంగి, మళ్ళీ పైకి లేచి, రాయిని ఎగరేసింది. రాయి వచ్చి నా మోకాలి చిప్పకు తగిలింది. నేను కూలబడితే షెడ్డంతా నవ్వింది. డ్రైవరు కూడా నవ్వాడు. కన్ను దెబ్బ తగిలాక అతను నవ్వగా చూడటం అదే మొదలు.

పలకను కోయడం, బిగించడం నా పని. సన్న పళ్ళ రంపంతో కోశాను. మరలకు బెజ్జాలు వేసేటప్పుడు డ్రిల్లు గట్టిగా నొక్కితే చుట్టూ పగుళ్ళు వచ్చాయి. నీటి చుక్క వేస్తూ మెల్లగా తిప్పితే సరిగా వచ్చింది. అంతా అయ్యాక గాజు బిగించినట్టే చట్రంలో గట్టిగా, సందు లేకుండా బిగించాను. నాకు ఎంతో ముచ్చటేసింది. మరునాడు మధ్యాహ్నం ఎండ ముదిరాక డ్రైవరు వచ్చి నన్ను పిలిచాడు.

"తమ్మి, జర గీడ కూసొని ముంగటికి సూడు."

కూర్చుని చూశాను. ఎండకు పలక పెరిగి, పెరగడానికి చోటు లేక, పెనం మీద రొట్టెలా పొంగింది. దాంట్లోంచి చూస్తే మా స్టేషన్ మెలికలు తిరిగి ఉంది.

"పట్టాలు పాము లెక్క పోతున్నయ్. దాని మీద నేను ఎట్ల నడపాలె?" అన్నాడు.

అన్నీ విప్పాను. ఇన్‌స్పెక్టరుగారు, నేను కూర్చుని మాట్లాడుకున్నాం. అంచుల దగ్గర సందు వదలాలని ఆయన చెప్పారు, పట్టాకు పట్టాకు మధ్య వదలమా, అలాగే. బెజ్జాలు మర కంటే పెద్దవి చేసి, మధ్యలో సైకిల్ ట్యూబు రబ్బరు పెడితే బిగువూ ఉంటుంది, కదలికా ఉంటుందని నాకు తోచింది. అలా బిగించాక ఎండకు పొంగలేదు, బండి అదురుకు చప్పుడూ చేయలేదు. ఆ పలకలు శాశ్వతం కాదు. కొన్నేళ్ళకు పసుపు తిరిగాయి, మళ్ళీ మార్చాం. కానీ ఆ రోజు మాత్రం పలక ఉన్నదా లేదా అన్నట్టు ఉంది.

మీరు ఇక్కడితో కథ సుఖాంతం అనుకుంటారు. నేనూ అనుకున్నాను. మొదటి రోజే పిట్ట లేచింది, చెయ్యీ లేచింది. తన చేత్తో రాయి విసిరి చూసుకున్న మనిషికి పలక గట్టిదని తెలియదా? తెలుసు. తలకు తెలిసింది. చేతికి తెలియలేదు. మునుపటంత పైకి రావడం లేదు, గడ్డం దాకా వచ్చి దిగిపోతోంది, అంతే తేడా. ఇన్‌స్పెక్టరుగారు పక్క సీట్లో కూర్చుని ఆ చెయ్యినే చూసేవారు. హోళీ వచ్చింది, పోయింది. పెద్ద ఆఫీసరు వచ్చే వారం ఖరారైంది. ఆ ఆఫీసరు రాకముందే డ్రైవరును గేటుకు పంపేస్తే అందరి ముందు అవమానం తప్పుతుందని ఇన్‌స్పెక్టరుగారు నాతో అన్నారు. అందులో దయ ఉందని నాకు తెలుసు. అయినా ఆ మాట డ్రైవరుకు చెప్పడానికి నాకు నోరు రాలేదు.

తనిఖీకి ముందు లైనంతా ఒకసారి చూసుకోవాలని ఒక మధ్యాహ్నం బీదరు వైపు బయలుదేరాం. ముందు డ్రైవరు, ఇన్‌స్పెక్టరుగారు. వెనక బల్ల మీద నేను. మెటల్‌కుంట దాటాక పడమటి ఆకాశం నల్లబడింది. కాసేపటికి ఎండ పోయి చల్లటి గాలి లేచింది. మా వైపు ఎండాకాలం మొదట్లో వచ్చే ఆ గాలిని చూస్తే రైతులు దండం పెట్టుకుంటారు. వాన కోసం కాదు, వాన రాకూడదని.

మొదటి వడగళ్ళు రేకు పైకప్పు మీద టప్పుమన్నాయి. ఎవరో గులకరాళ్ళు విసిరినట్టు అనిపించింది. తర్వాత వరుసగా మొదలైంది. ఉసిరికాయలంతవి, కొన్ని నిమ్మకాయలంతవి. పైకప్పు మోతకు పక్క మనిషి మాట వినిపించడం లేదు. ఎదుటి పలక మీద వడగళ్ళు నేరుగా కొడుతున్నాయి. కొట్టిన చోటల్లా పలక లోపలికి కుంగి మళ్ళీ లేస్తోంది. డప్పు తోలు అదిరినట్టు అదురుతోంది. నేను డ్రైవరు ఎడమ చేతినే చూస్తున్నాను. అది బ్రేకు పిడి మీద ఉంది. వేళ్ళు తెల్లబడ్డాయి. ఉన్నచోటనే ఉంది.

మలుపు తిరిగాం. అక్కడ లైను కాస్త ఎత్తు కట్ట మీద పోతుంది, రెండు వైపులా చెరుకు తోటలు. వడగళ్ళ తెరలోంచి పట్టాల మధ్యలో ఏదో పచ్చగా కదులుతూ కనిపించింది. చెట్టు కొమ్మ పడిందనుకున్నాను. కాదు. మోపు. చెరుకు ఆకు మోపు నెత్తిన పెట్టుకొని ఒక ముసలమ్మ మాకు వీపు పెట్టి నడుస్తోంది. కింద బురదలో కాలు జారుతుందని కట్ట ఎక్కి, స్లీపర్ల మీద అడుగులు వేస్తూ పోతోంది. మోపు రెండు చెవుల మీదికి వేలాడుతోంది. డ్రైవరు హారన్ నొక్కాడు. ఆ మోతలో మాకే వినిపించలేదు, ఆమెకేం వినిపిస్తుంది.

అప్పుడే నా వెనక గాజు పగిలింది. వెనక చిన్న కిటికీ, మేము మార్చకుండా వదిలేసినది. గాజు పగిలిన చప్పుడు ఎంత మోతలో ఉన్నా వేరే. ముక్కలు నా మెడ మీద, బల్ల మీద పడ్డాయి. నేను తల దాచుకోలేదంటే అబద్ధం. కానీ దాచుకునే ముందు చూశాను. డ్రైవరు భుజం ఒక్కసారి అదిరింది. మోచెయ్యి లేవబోయింది. లేవలేదు. మళ్ళీ పిడి మీదికే బిగుసుకుంది.

పట్టాల మీద వడగళ్ళు పరుచుకొని ఉన్నాయి. బ్రేకు మొత్తం వేస్తే చక్రాలు బిగుసుకుని జారిపోతాయి. అతను వేసి వదిలి, వేసి వదిలి, ప్రతిసారీ కొంచెం కొంచెం వేగం కోశాడు. బండి మూలుగుతూ, జారుతూ, పట్టుకుంటూ పోయింది. ముసలమ్మ వీపు మీద చీర ముడి కనిపించేంత దగ్గరికి వచ్చాం. బండి ఆగేసరికి, పట్టా అదురుకో ఏమో, ఆమె వెనక్కి తిరిగింది. మోపు కిందనుంచి మా ఎదుటి పలకలోకి చూసింది. మోపు వదిలేసి కట్ట పక్కకు జరిగి కూర్చుండిపోయింది.

నేను ముందు దూకాను. నా వెనక డ్రైవరు. ఆమెను ఇద్దరం చెరో చెయ్యి పట్టుకొని లేపి లోపలికి ఎక్కించాం. కట్ట కింద చెరుకు సందున ఇంకో ముగ్గురు కూలి ఆడవాళ్ళు తలల మీద గంపలు బోర్లించుకొని వణుకుతున్నారు. డ్రైవరు వాళ్ళనూ పిలిచాడు. ఒకామె చేతిలో మేకపిల్ల ఉంది. రైల్వే బండిలోకి బయటివాళ్ళను ఎక్కించకూడదు. ఇన్‌స్పెక్టరుగారు ఆ మాట అనలేదు. గాజు ముక్కలు తన టోపీతో ఊడ్చి, మేకపిల్లను తన ఒడిలోకి తీసుకొని ఒక మూలకు ఒదిగారు.

రాళ్ళు తగ్గేదాకా అలా కూర్చున్నాం. ఏడుగురం, ఒక మేకపిల్ల. లోపలంతా తడి చీరల వాసన, పచ్చి చెరుకు వాసన. పక్క పలకల మీద రాళ్ళు కొడుతుంటే ఆడవాళ్ళు మొదట్లో ఉలిక్కిపడి, పలక పగలడం లేదని చూసి వేళ్ళతో లోపలినుంచి తట్టి చూశారు.

కాసేపటికి ఇన్‌స్పెక్టరుగారు డ్రైవరుతో అన్నారు. "నువ్వు ఎప్పుడు చూశావయ్యా ఆమెను?"

"మలుపు తిరగంగనే సార్. మీరు సూడలేదా?"

"లేదు" అన్నారు ఆయన. "నేను మొహం కప్పుకున్నాను. రెండు చేతులతో."

డ్రైవరు ముందుకు తిరిగాడు. ఆయన మేకపిల్ల చెవి నిమురుతూ, "గేటు సంగతి మరిచిపో. పెద్దాయన వచ్చినప్పుడు బండి నువ్వే నడుపుతావు" అన్నారు. నేను కిటికీ వైపు తిరిగి బయటికి చూస్తూ కూర్చున్నాను.

రాళ్ళు ఆగి సన్నటి వాన మిగిలాక బండి కదిలింది. ముందున్న లెవెల్ క్రాసింగ్ దగ్గర ఆడవాళ్ళను దింపాం. మోపు మాత్రం కట్ట మీదే ఉండిపోయింది. ముసలమ్మ దిగి, నాలుగడుగులు పోయి, మళ్ళీ వచ్చి డ్రైవరు కిటికీ పక్కన నిలబడింది.

"బిడ్డ, నువ్వు నన్ను సూసిన సూపు నాకు యాదికుంటది" అంది. "నా లగ్గం నాడు గూడ ఎవ్వలు నన్ను గంత పెద్ద కండ్లు జేసుకొని సూడలే."

పక్క ఆడవాళ్ళు కొంగులు అడ్డం పెట్టుకొని నవ్వారు. డ్రైవరుకు సిగ్గు ముంచుకొచ్చింది. ఇన్‌స్పెక్టరుగారు మాత్రం అంత గట్టిగా నవ్వడం నేను ముందెన్నడూ వినలేదు.

తర్వాత ఆ మనిషి చెయ్యి ఎప్పుడూ లేవలేదా అని మీరు అడగవచ్చు. లేచింది, అప్పుడప్పుడు. కానీ అది బొటన వేలితో ముక్కు తుడుచుకుని దిగిపోయేది. అది నిజంగా ముక్కు కోసమేనా అని నేనెప్పుడూ అడగలేదు. తనిఖీ సాఫీగా జరిగింది. పెద్ద ఆఫీసరు పలకను గోటితో తట్టి చూసి, వెనక కిటికీకి కూడా ఇదే వేయండి అని చెప్పి పోయారు. డ్రైవరు రిటైరయ్యేదాకా ఆ షెడ్డులోనే, ఆ సీట్లోనే ఉన్నాడు.

వడగళ్ళ రోజు మేము జహీరాబాద్ చేరేసరికి పొద్దు గూకుతోంది. ఊళ్ళోనూ రాళ్ళు పడ్డాయి. స్టేషన్ పెంకులు పగిలి ఉన్నాయి, వేప ఆకులు నేలంతా రాలి ఉన్నాయి. వదిన షెడ్డు ముందు నెత్తిన గోనెసంచి కప్పుకొని నిలబడి ఉంది. ఎప్పటినుంచి నిలబడిందో తెలియదు. బండి ఆగకముందే పక్కన నడవడం మొదలుపెట్టింది. డ్రైవరు దిగగానే గడ్డం పట్టుకొని ముఖం అటూ ఇటూ తిప్పి చూసింది. కన్ను చూసింది, రెప్ప చూసింది. చేతులు చూసింది. తర్వాత నా మెడ మీద గాజు గీరిన చోటు చూసి, మళ్ళీ మొగుడి వైపు తిరిగింది.

"ఏమైంది?" అంది.

"ఏం గాలే" అన్నాడు అతను.

"ఏం గాకుంటె గిట్ల నవ్వవడ్తివేంది?"